ఆల్చిప్పల కార్తెలు

(న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, తెలుగు కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయేది ఆల్చిప్పల గురించి. ఇక్కడ ఆయిస్టర్లంటారే, అవి. శాకాహారులు దయచేసి అప్పుడే రేడియో కట్టెయ్యకండి. ఎలా వండాలో చెప్పడానికి రాలేదు. ఈ కబురు వెనక మా ఇంట్లో నాలుగు నెలలుగా నలుగుతున్న వ్యవహారం ఒకటుంది. ఇలాంటిది ఏదో ఒక రూపంలో మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఊళ్లో ఉన్నవాళ్లు ఫోన్ చేసి "ఇలా చేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడుగుతారు. ఔనంటే ఒక బాధ, కాదంటే ఇంకో బాధ.

మా బావమరిది కాకినాడకి దక్షిణాన, కోరంగి వైపు, ఉప్పుటేటి పక్కన రొయ్యల రైతు. 1990లలో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ జబ్బు తగిలినప్పుడు ఒకసారి మునిగాడు. వనామీ రొయ్య వచ్చాక మళ్లీ లేచాడు, మళ్లీ కొంత పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వాడికెవరో చెప్పారట, ఆల్చిప్పలకి మేత కొనక్కర్లేదు, ఏరేటర్లక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు, ఏట్లో వేలాడదీస్తే నీళ్లలో ఉన్నదేదో తిని అవే పెరుగుతాయి అని. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. ఆ మాట పట్టుకుని వీడు నాకు ఫోన్ చేశాడు.

"బావా, మీ న్యూజెర్సీలో చలికాలం నీళ్లు గడ్డకడతాయి కదా. అలాంటి చోట కూడా పెంచి డబ్బు చేసుకుంటున్నారంటే, ఏడాది పొడుగునా వెచ్చటి నీళ్లుండే మా ఏట్లో అవి రెట్టింపు పెరగాలి కదా?"

లెక్క బాగానే ఉంది. ఆ లెక్కలో తప్పెక్కడుందో కనుక్కోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నేను ఆల్చిప్పల నిపుణుణ్ణి కాను. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను, థర్మామీటరు చదవడం వచ్చు. చదివినదీ, వెళ్లి కళ్లారా చూసినదీ మీతో చెప్పుకుంటాను.

ముందు పేరు సంగతి. ఆల్చిప్ప అనగానే మనకి ముత్యం గుర్తుకొస్తుంది. స్వాతి కార్తెలో పడిన చినుకు చిప్పలో చేరి ముత్యమవుతుందని చిన్నప్పుడు విన్నాం. ముత్యాల చిప్ప వేరే కుటుంబం. ఇక్కడ మనుషులు నిమ్మకాయ పిండుకుని తినేది దానికి దూరపు చుట్టం. మన కోస్తాలోనూ ఈ తినే రకం ఉంది. కాకినాడ అఖాతంలో, భీమిలి దగ్గర, ఉప్పుటేళ్లలో రాళ్లకీ వంతెన స్తంభాలకీ అంటుకుని ఉంటుంది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మద్రాసు కూడా ఉంది, మద్రాసెన్సిస్ అని. మన వాళ్లు దాని మాంసం కన్నా పెంకునే ఎక్కువ వాడుకున్నారు. గుల్లసున్నం కాల్చి గోడలకి వేశారు, తాంబూలంలో రాసుకున్నారు. ఇక్కడి రకం వర్జీనికా. కెనడాలో సెయింట్ లారెన్స్ నుంచి కింద మెక్సికో సింధుశాఖ దాకా ఒకే జాతి. అంత పొడుగు తీరంలో ఒకే జాతి ఉండటం తర్వాత మన కథలోకి వస్తుంది.

ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని రెండు గంటలు దక్షిణానికి పోతే కేప్ మే. మనందరం పిల్లల్ని తీసుకుని సముద్రం వైపు వెళ్తాం. దానికి ఇటుపక్క, పడమటి ఒడ్డున, డెలావేర్ అఖాతం ఉంది. నీరు తీసినప్పుడు అక్కడ ఇసుక మేట చాలా దూరం బయటపడుతుంది. ఆ మేట మీద ఇనప స్టాండ్లు వరసగా పాతి, వాటి మీద ప్లాస్టిక్ వల సంచులు పరిచి కడతారు. సంచుల నిండా ఆల్చిప్పలు. మొదటిసారి చూసినప్పుడు నాకు అప్పడాలు ఎండబెట్టిన మంచాలు గుర్తొచ్చాయి. పోటు వస్తే అన్నీ మునిగిపోతాయి. రైతు పనంతా నీరు తీసిన ఆ నాలుగైదు గంటల్లోనే జరగాలి, అది అర్ధరాత్రయినా సరే.

అక్కడ పనిచేసే ఒక పెద్దమనిషి నాకు మార్చి నెలలో ఒక చిప్ప తెరిచి చూపించాడు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. "ఇది నవంబరు చివర్నుంచీ ఏమీ తినలేదు" అన్నాడు. నాలుగు నెలల ఉపవాసం! అయినా లోపల మాంసం మీగడలా నిండుగా ఉంది.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. ఆల్చిప్పకి సొంత ఒంటివేడి లేదు. నీళ్లెంత వేడో అదీ అంతే. దాని గుండె, మొప్పలు, అరుగుదల అన్నీ నీటి వేడిని బట్టి నడుస్తాయి. సుమారు 5 డిగ్రీల సెల్సియస్ కన్నా, అంటే 41 ఫారెన్‌హీట్ కన్నా నీళ్లు చల్లబడితే తినడం దాదాపు మానేస్తుంది. పెంకు బిగించుకుని పడుకుంటుంది. ఆకలెయ్యదా అంటే వెయ్యదు. ఖర్చు కూడా అంతగా పడిపోతుంది కనుక. 10 డిగ్రీలు దాటాక కదలిక మొదలవుతుంది, మొప్పలు నీళ్లు తోడడం మొదలెడతాయి, పెంకు అంచున పల్చటి కొత్త పొర వస్తుంది. అక్కడి నుంచి 25 డిగ్రీల దాకా, మేత ఉంటే, వేడి పెరిగిన కొద్దీ తోడే నీరూ పెరుగుతుంది, తిండీ పెరుగుతుంది. ఒక చిప్ప రోజుకి 50 గ్యాలన్ల నీళ్లు వడగడుతుందని ఇక్కడ స్కూలు పిల్లలకి చెబుతారు. మా మనవరాలు కూడా చెప్పింది. అది బాగా వెచ్చటి నీళ్లలో, బాగా పెద్ద చిప్ప, బాగా ఉత్సాహంగా ఉన్న రోజు లెక్క. జనవరిలో అదే చిప్ప ఒక చెంబుడు కూడా తోడదు.

అందుకే న్యూజెర్సీలో వేలిగోరంత సీడు వేస్తే మూడంగుళాల చిప్ప అవడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుంది. మన దేశంలో, కేరళలో అష్టముడి కాయల్లో, మద్రాసెన్సిస్ ఏడాది లోపే అమ్మకానికి వస్తుంది. మా బావమరిది ఊహ అంతవరకూ నిజమే. ఈ సంగతి వాడికి చెప్పినప్పుడు ఫోన్లో వాడి గొంతు మారిపోయింది. తొందరపడి చెప్పానేమో అనుకున్నాను, ఎందుకంటే అది సగం కథే.

మిగతా సగం సంతానం. నీళ్ల వేడి పెరుగుదలకి ఎలా గడియారమో, సంతానానికీ అలాగే పంచాంగం. వసంతంలో నీళ్లు వేడెక్కుతున్నప్పుడు చిప్ప లోపల బీజాలు తయారవడం మొదలవుతుంది. చలికాలం ముందు దాచుకున్న గ్లైకోజన్ ఉంటుందే, అంటే దాని ఒంట్లోని పిండిపదార్థం, తినేవాళ్లకి తియ్యగా అనిపించేది అదే, ఆ నిల్వంతా గుడ్లుగా, వీర్యంగా మారిపోతుంది. వేడి ఒక్కరోజు తగిలితే చాలదు, కొన్ని వారాలపాటు పోగవ్వాలి. పోగయ్యాక నీళ్లు 20 దాటి, 25 వైపు పోతున్నప్పుడు, ఎక్కడో ఒక మగచిప్ప ముందు వదులుతుంది. దాని వాసన నీళ్లలో సోకగానే పక్కవీ, వాటి పక్కవీ వదిలేస్తాయి. ఒక్క ఆడచిప్ప కోట్లలో గుడ్లు పెట్టగలదు. డెలావేర్ అఖాతంలో ఇది ఎక్కువగా జూన్ ఆఖరు, జూలైలో జరుగుతుంది. మన లెక్కలో ఆరుద్ర, పునర్వసు కార్తెలు. మన దగ్గర ఆ కార్తెల్లో నారుమళ్లు, ఇక్కడ నీళ్ల అడుగున ఈ విత్తడం.

ఇంకో తమాషా. ఇవి చాలావరకు మొదట మగగా పుట్టి, పెద్దయ్యాక ఆడగా మారతాయి. గుడ్లు చేయడానికి పెట్టుబడి ఎక్కువ కదా, చిన్న ఒళ్లు ఆ ఖర్చు భరించలేదు.

ఖర్చు అన్నాను, రైతుకి నొప్పి తగిలేది అక్కడే. వదిలేశాక చిప్పలో మిగిలేది పల్చగా, నీళ్లోడుతూ, వెలుగుకి పెడితే అవతలి వైపు కనిపించేంత మాంసం. పెంకు మూడంగుళాలే, లోపల సరుకు లేదు. హోటలు వాడు తిప్పి పంపిస్తాడు. ఇంగ్లీషు నెలల పేర్లలో 'ఆర్' అక్షరం లేని నెలల్లో, అంటే మే నుంచి ఆగస్టు దాకా, ఆయిస్టర్లు తినకూడదని పాత సామెత ఉంది. ఐసు లేని కాలంలో అవి త్వరగా చెడిపోతాయన్నది ఒక కారణం, ఈ పల్చబడటం ఇంకో కారణం. సెప్టెంబరులో మళ్లీ తినడం మొదలెట్టి, అక్టోబరు నవంబరుల్లో నీళ్లు చల్లబడుతుంటే నిల్వ చేసుకుంటాయి. చల్లబడే నీళ్లలో సంతానం ఖర్చు లేదు, తిండి ఇంకా ఆగలేదు. ఆ రెండు నెలలే వాటికి మంచి కాలం. మార్చిలో నేను చూసిన చిప్ప నిండుగా ఉందంటే ఆ నవంబరు పుణ్యమే.

మరి చలే లేని చోట? ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

రట్గర్స్ విశ్వవిద్యాలయం ఇక్కడికి దగ్గరే, న్యూ బ్రన్స్విక్‌లో. మన పిల్లలు ఎందరో చదువుకున్నారు. అక్కడ కంప్యూటర్లూ ఫార్మసీయే కాదు, ఆల్చిప్పల చదువు కూడా ఉంది, 1888 నుంచి. జూలియస్ నెల్సన్ అనే ఆయన మొదలెట్టాడు. తర్వాత ఆయన కొడుకు థర్లో నెల్సన్, ఆ తర్వాత హెరాల్డ్ హాస్కిన్. హాస్కిన్ పేరు మీద పరిశోధనశాల డెలావేర్ అఖాతం ఒడ్డున బైవాల్వ్ అనే ఊళ్లో ఉంది. బైవాల్వ్ అంటే రెండు చిప్పలది అని అర్థం. దాని పక్క ఊరి పేరు షెల్‌పైల్, చిప్పల కుప్ప. ఒకప్పుడు ఆ ఊళ్లు దేనిమీద బతికాయో పేర్లే చెబుతాయి.

అదే రట్గర్స్‌లో లెస్లీ స్టౌబర్ అనే శాస్త్రజ్ఞుడు 1950లో ఒక మాట రాశాడు. చూడటానికి ఒకే జాతి అయినా, ఉత్తరపు ఆల్చిప్పలు, దక్షిణపు ఆల్చిప్పలు ఒకే వేడికి విత్తవు, వీటిలో లోపలి స్వభావం వేరైన తెగలున్నాయి అని. లాంగ్ ఐలండ్ వైపువి తక్కువ వేడికే సిద్ధపడతాయి, మెక్సికో సింధుశాఖవి 25 డిగ్రీలు దాటితే గానీ కదలవు. కనెక్టికట్‌లో మిల్‌ఫోర్డ్ పరిశోధనశాలలో విక్టర్ లూసనోఫ్ దక్షిణపు చిప్పల్ని తెచ్చి ఉత్తరపు నీళ్లలో వేసి చూశాడు. అవి పాత ఊరి గడియారాన్నే పట్టుకున్నాయి. కొత్త ఊళ్లో వేసవి వచ్చిపోయినా చాలావాటికి అది చాల్లేదు, పక్వానికే రాలేదు. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఈ దేశానికొచ్చి ముప్పై ఏళ్లయినా మధ్యాహ్నం పన్నెండున్నరకి అన్నం తినకపోతే నాకు తలనొప్పి వస్తుంది.

దీన్నుంచి వాడికి పనికొచ్చే మాట ఒకటి దొరికింది. న్యూజెర్సీ పుస్తకంలోని అంకెలు కోరంగి ఏటికి పనికిరావు. అక్కడి చిప్ప అక్కడి నీళ్లకి తయారైన చిప్ప.

హేచరీల సంగతి చూడండి, ఇంకా స్పష్టమవుతుంది. గుడ్డు నుంచి సీడు దాకా ఆల్చిప్పల్ని మనిషి చేతుల్లో పెంచింది 1920 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం ఫర్త్ వెల్స్. గాలి ద్వారా జబ్బులెలా పాకుతాయో తర్వాత కనిపెట్టింది కూడా ఆయనే, కోవిడ్ రోజుల్లో ఆయన పేరు మళ్లీ వినపడింది. కంటికి కనపడని పిల్లల్ని పారబోయకుండా నీళ్లు మార్చడమెలాగని, పాల మీగడ తీసే యంత్రాన్ని వాడాడాయన. తర్వాత మిల్‌ఫోర్డ్‌లో లూసనోఫ్ అసలు కిటుకు పట్టాడు. నడి చలికాలంలో తల్లి చిప్పల్ని తెచ్చి, నీళ్లని నెమ్మదిగా వెచ్చబెట్టి, ఆల్గే మేపి, కొన్ని వారాలుంచితే అవి వసంతం వచ్చిందనుకుంటాయి. ఆ తర్వాత వేడి ఒక్కసారి పెంచితే విత్తేస్తాయి. బయట మంచు కురుస్తుంటే లోపల పిల్లలు! ఆ పిల్లలకీ వేడే ముఖ్యం. 25 దాటిన నీళ్లలో రెండు మూడు వారాల్లో ఈత మానేసి పెంకుకి అతుక్కుంటాయి. 20 డిగ్రీల్లో నెల దాటిపోతుంది. ఈదే రోజులు పెరిగితే పోయేవీ పెరుగుతాయి. రొయ్యల హేచరీ చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు మన వైపు చూడండి. తమిళనాడులో తూత్తుకూడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 1970ల నుంచీ ఆల్చిప్పల మీద పనిచేస్తోంది, హేచరీ కూడా పెట్టారు. అక్కడ తల్లి చిప్పల్ని ఏం చేశారో తెలుసా? ఏసీ గదిలో పెట్టి చల్లబరిచారు! ఇక్కడ వెచ్చబెట్టి వసంతాన్ని తెచ్చినట్టే, అక్కడ లేని చలికాలాన్ని తెచ్చిపెట్టారు. చల్లటి నీళ్లలో మేపితే బీజాలు పక్వమవుతాయి గానీ తొందరపడి బయటికి పోవు. అప్పుడు వేడి పెంచితే విత్తుతాయి. ఇది చదివాక నా మనసులో ముడి విడింది. మా బావమరిది అడగాల్సిన ప్రశ్న "మా నీళ్లు వెచ్చగా ఉన్నాయా?" అని కాదు. "మా నీళ్లు చల్లబడతాయా?" అని.

కాకినాడ వైపు నీళ్లు చలికాలంలో కూడా ఇక్కడి వేసవి నీళ్లలాగే ఉంటాయి. 20కి దిగడం అరుదు. అలాంటి నీళ్లలో చిప్ప సంపాదించిందంతా దాచుకోదు. ఏడాదికి ఒకసారి కాదు, వీలు దొరికినప్పుడల్లా సంతానానికి ఖర్చు పెడుతుంది. అక్కడ వేడి ఎప్పుడూ ఉండేదే కనుక దాని పంచాంగం వేడి చేతిలోంచి చాలావరకు ఉప్పు చేతిలోకి పోయింది. వానలు, వరదలు, నీళ్ల ఉప్పదనం ఎప్పుడు మారితే అప్పుడు. తూత్తుకూడిలో ఏడాదికి రెండు కాలాలు గమనించారు. పెంకు వేగంగా పెరుగుతుంది, నిజమే. కానీ కోసే రోజున లోపలేముందన్నది ఏ నెలలో కోశావన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఈ సంతానం ఖర్చు తప్పించడానికి దారి లేదా అంటే ఉంది, అదీ ఇక్కడే పుట్టింది. ఓక్ ట్రీ రోడ్డు మీద కొట్లో గింజలు లేని పుచ్చకాయ కొంటాం కదా. మన అరటిపండులోనూ గింజలుండవు. ఈ పుచ్చకాయకీ, మనం తినే అరటి రకాల్లో చాలావాటికీ క్రోమోజోములు రెండు సెట్ల బదులు మూడు సెట్లుంటాయి. మూడింటిని సమంగా పంచడం కుదరదు కనుక గింజ కట్టదు. ఆల్చిప్పల్లోనూ అదే చేశారు. 1980లలో గుడ్లకి మందు పెట్టి, షాకిచ్చి చేసేవారు, అన్నీ మారేవి కావు. రట్గర్స్‌లో స్టాండిష్ ఆలెన్, షిమింగ్ గ్వో అనే ఇద్దరు నాలుగు సెట్ల చిప్పని తయారుచేసి 1994లో ప్రకటించారు. నాలుగు సెట్ల మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే పిల్లలన్నీ మూడు సెట్లవే. వీటికి విత్తే గొడవ దాదాపు లేదు. వేసవిలో కూడా లోపల నిండుగా ఉంటాయి, పెరుగుదలా ఎక్కువ. ప్రపంచంలో చాలాచోట్ల పెంపకం ఇప్పుడు వీటి మీదే నడుస్తోంది. అలాగని అవి వజ్రకాయాలేం కావు. చెసపీక్ అఖాతంలో, గల్ఫ్ తీరంలో ఎండలు ముదిరే రోజుల్లో మామూలువాటికన్నా ఇవే ఎక్కువ చచ్చిపోయిన సందర్భాలున్నాయి.

వేడి నీళ్లకి ఇంకో కోణం ఉంది. వేడి ఆల్చిప్పకే కాదు, దాన్ని తినేవాటికీ వచ్చేదే. 1957లో డెలావేర్ అఖాతంలో ఎమ్మెస్సెక్స్ అనే పరాన్నజీవి బయటపడింది. రెండు మూడేళ్లలో అఖాతం దిగువ భాగంలో నూటికి 90కి పైగా ఆల్చిప్పలు పోయాయి. బైవాల్వ్ ఊరు అప్పుడే ఖాళీ అయింది. మనకి తెల్లమచ్చ ఎలాగో వాళ్లకి అది. దానికి ఉప్పదనం ముఖ్యం. రెండోది డెర్మో. దానికి ఉప్పదనంతోబాటు వేడి కావాలి. 1940లలో గల్ఫ్ తీరంలో కనిపెట్టిన ఈ జబ్బు చలికి భయపడి దక్షిణానే ఉండేది. వరసగా కొన్ని చలికాలాలు వెచ్చగా గడిచాక, 1990లో డెలావేర్ అఖాతంలో పెద్దఎత్తున బయటపడి, ఆ తర్వాత మసాచుసెట్స్ దాటి పైకి పోయింది. ఇక్కడి రైతులు మంచుని తిట్టుకుంటారు, మంచు పలకలు స్టాండ్లని ఊడ్చుకుపోతాయి కనుక. ఆ మంచే వాళ్లకి కాపలా అని తెలిసినవాళ్లు కూడా వాళ్లే.

మూడోది మనుషులకి పట్టేది, విబ్రియో. ఇవి వెచ్చటి ఉప్పునీళ్లలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు. చిప్పకేమీ కాదు, పచ్చిగా తిన్నవాడికి అవుతుంది. ఒక జూలైలో నేను కేప్ మే నుంచి రెండు డజన్లు కొని కారు డిక్కీలో పెట్టుకుని వచ్చాను. పార్క్‌వే మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఇంటికొచ్చేసరికి ఐసు కరిగి గోరువెచ్చటి నీళ్లయ్యాయి. మా ఆవిడ మారుమాట్లాడకుండా మొత్తం చెత్తబుట్టలో పారేసింది. ఆ రోజు గొణుక్కున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఇక్కడ వేసవిలో రైతులు నీళ్లు తీసిన క్షణం నుంచి గంటలు లెక్కపెట్టుకుని సరుకుని ఐసులోకి చేర్చి, 50 ఫారెన్‌హీట్‌కి దింపాలని నిబంధన ఎందుకుందో. వాళ్లంత జాగ్రత్తగా పంపింది నేను డిక్కీలో పాడుచేశాను. షుగరు ఉన్నవాళ్లు, లివరు జబ్బు ఉన్నవాళ్లు పచ్చివి ముట్టుకోవద్దని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. విబ్రియోల్లో ఒక రకం అలాంటివాళ్లలో రక్తంలోకి ఎక్కి ప్రాణం తీస్తుంది. మనవాళ్లలో షుగరు లేని ఇల్లెక్కడుంది? నిమ్మరసం పిండినా, కారం సాసు పోసినా అది చావదు. బాగా ఉడికిస్తేనే చస్తుంది. ఆఫీసు పార్టీల్లో పిల్లలకి మొహమాటం ఎక్కువ, అందుకే ఇంత చెప్పాను.

మన రారిటన్ నది గురించి ఒక్క మాట. ఎడిసన్ పక్కనుంచే పారుతుంది. అది కలిసే అఖాతంలో, పెర్త్ అంబాయ్, కీపోర్ట్ దగ్గర, 19వ శతాబ్దంలో ఆల్చిప్పల వ్యాపారం గొప్పగా నడిచింది. ఆ నీళ్లు ఇప్పటికీ వేళకి వేడెక్కుతాయి, వేళకి చల్లబడతాయి. పంచాంగంలో లోపం లేదు. మురుగు కలిసింది. 1924-25 చలికాలంలో షికాగో, న్యూయార్క్ లాంటి నగరాల్లో ఆల్చిప్పల వల్ల టైఫాయిడ్ పాకాక దేశమంతా భయపడింది, చిప్పలు పెరిగే నీళ్ల మీద తనిఖీలు అప్పుడే మొదలయ్యాయి. కీపోర్ట్ దగ్గర పరిశోధన కోసం వేసిన చిప్పల్ని కూడా 2010లో రాష్ట్రప్రభుత్వం తీయించేసింది, ఎవరైనా దొంగిలించి తింటే ప్రమాదమని. తర్వాత వాటికి చోటిచ్చింది ఎర్ల్ నౌకాదళ స్థావరం. అక్కడికి దొంగలు రాలేరు కదా.

ఇక మా బావమరిదికి ఏం చెప్పానో చెబుతాను. వాడికి అన్నిటికన్నా కష్టంగా అనిపించిన సంగతి గోదావరి వరద. ఆల్చిప్పకి మంచినీళ్లు తగిలితే తలుపేసుకుంటుంది. ఇక్కడ చలికాలంలో తలుపేసుకున్న చిప్పకి ఖర్చు లేదు, నెలల తరబడి ఉంటుంది. కానీ 30 డిగ్రీల నీళ్లలో తలుపేసుకుంటే? ఒంట్లో మంట ఆరదు, తిండీ లేదు, గాలీ లేదు. వేడి నీళ్లలో అది ఓర్చుకోగలిగేది రోజుల లెక్కే. 2019లో మిసిసిపీ నది వరదని న్యూ ఆర్లియన్స్‌కి ఎగువన తూము ఎత్తి పక్కకి మళ్లించారు. ఆ మంచినీళ్లు వేసవి దాకా సముద్రం ఒడ్డున నిలబడ్డాయి. మిసిసిపీ రాష్ట్రపు ఆల్చిప్పల తిట్టెల్లో నూటికి 90కి పైగా చచ్చాయి. గోదావరి వరద వచ్చేదీ వేడి నెలల్లోనే, జూలై నుంచి సెప్టెంబరు దాకా. కేరళలో అష్టముడి రైతులు వానాకాలం ముందే కోసేస్తారు. మనకీ అదే దారి కావాలి. అంటే స్వాతి కార్తె ప్రాంతంలో, ఏరు మళ్లీ ఉప్పెక్కాక వేసి, రోహిణి దాటేలోగా తీసెయ్యాలి. ఆ ఏడు నెలల్లో సరుకు నిండుతుందా లేదా అన్నది ఆ ఏటి నీళ్లే చెప్పాలి, నేను కాదు.

"అయితే వద్దంటావా బావా?" అన్నాడు.

వద్దనలేదు. అప్పు చెయ్యొద్దన్నాను. నాలుగు తాళ్లు కట్టి, పాత చిప్పలు గుచ్చి, వాటంతటవే అతుక్కునే పిల్లల్ని ఒక ఏడాది చూడమన్నాను. నెలకోసారి పది చిప్పలు తెరిచి, మాంసం తూచి, పుస్తకంలో రాయమన్నాను. కొనేవాళ్లెవరో ముందు కనుక్కోమన్నాను, ఎందుకంటే మన ఊళ్లో గుల్లసున్నం అడిగినవాడున్నాడు గానీ ఆల్చిప్ప కూర అడిగినవాడు లేడు. వాడికి కోపమొచ్చింది. రెండు వారాలు ఫోన్ లేదు. తర్వాత మా ఆవిడకి ఫోన్ చేసి, తాళ్లు కట్టానని చెప్పాడట. నాకు చెప్పలేదు.

పొద్దున ఆరింటికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి నీళ్లలో థర్మామీటరు పెట్టి రాస్తున్నాడు. కానీ రాత్రి పోటు నీళ్లు ఎంత చల్లగా వస్తున్నాయో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. అందుకని గంటగంటకీ నీటి వేడి తనే రాసుకునే పరికరం ఒకటి కొన్నాను. అగ్గిపెట్టెంత ఉంటుంది, నీళ్లలో పడేసి ఏడాది తర్వాత తీసినా చెడదు. సంక్రాంతికి కాకినాడ గానీ, రాజమండ్రి గానీ వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, సూట్‌కేసులో కాస్త చోటుంటే, ఈ కార్యక్రమం అయ్యాక స్టేషనుకి ఫోన్ చెయ్యండి. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే థర్మామీటరని చెప్పండి.